ఫ్లున్సాయే కదా

ఔలు,
అక్టోబర్ 3

తౌనో అన్నయ్యకు,

నీకు ఫోన్ చేస్తే చెవిలో మిషన్ కుయ్యిమంటుంది, నా మాట నీకు వినపడదు, నేను గొంతు పెంచితే చెల్లెలు అరిచిందని అలుగుతావు. అందుకని ఎప్పటిలాగే కాగితం మీద అరుస్తున్నాను.

పెటాయా ఆరోగ్య కేంద్రంలో వచ్చే వారం నుంచి నవంబర్ రెండో వారం దాకా ప్రతి గురువారం ఇన్ఫ్లుఎన్సా టీకా వేస్తారు. అరవై అయిదు దాటిన వాళ్ళకి ఉచితం. నీకు డెబ్భై మూడు, సైమి వదినకు అరవై తొమ్మిది. పైగా వదినకు ఆస్తమా. పోయిన చలికాలం పడుకుంటే ఊపిరి అందక ఆవిడ మూడు వారాలు కుర్చీలోనే నిద్రపోయింది. నువ్వు మర్చిపోయావేమో గానీ నేను మర్చిపోలేదు.

ఇక నీ పాత పాట మొదలుపెట్టకు. 'ఆ సూది వేయించుకున్న ఏడాదే నాకు ఫ్లున్సా వచ్చింది' అంటావు. రోజుకి పది మంది నా ముందు కూర్చుని ఇదే పాట పాడతారు. ఫ్లున్సా అంటే ఉత్త జలుబు. ముక్కు కారుతుంది, గొంతు గరగరమంటుంది, వారంలో పోతుంది. ఇన్ఫ్లుఎన్సా వేరు. పొద్దున బాగున్న మనిషిని సాయంత్రానికి మంచంలో పడేస్తుంది. ముప్ఫై తొమ్మిది డిగ్రీల జ్వరం, ఎవరో చితకబాదినట్టు ఒళ్ళు నొప్పులు. వదినలాంటి వాళ్ళకైతే నేరుగా ఊపిరితిత్తులే. టీకా ఈ రెండో దానికి. మన ఫిన్నిష్ భాషలో ఈ రెండు మాటలూ అక్కచెల్లెళ్ళలా వినపడడం నా ప్రాణానికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా జనం నోళ్ళు దిద్దుతూనే ఉన్నాను.

మీ హియెతలా నుంచి పెటాయాకి నలభై కిలోమీటర్లు. వదినకు కారు నడపడం రాదు. తీసుకెళ్ళాల్సింది నువ్వే. ఏ గురువారమో రాయి.

ఇర్యా


హియెతలా,
అక్టోబర్ 12

ఇర్యాకు,

నర్సమ్మ గారి ఉత్తరం అందింది. కవరు చింపుతుంటేనే భుజం నొప్పి పుట్టింది.

ముయిక్కు చేపలు గుడ్ల మీద ఉన్నాయి. ఏడాదిలో ఈ మూడు వారాలే వాటి కాలం. పక్కింటి రేయో, నేనూ తెల్లారేసరికి సరస్సు మీద ఉంటున్నాం. వల తీసేసరికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. గురువారాలు ఆరోగ్య కేంద్రానికి తెలుసు గానీ చేపలకి తెలియవు. చూద్దాం.

నీ ఉత్తరం చదివి సైమి "వెళ్దామయ్యా" అంది. "వెళ్దాం" అన్నాను. కాబట్టి దీని గురించి నువ్వింక కాగితం ఖర్చు చెయ్యక్కర్లేదు. సైమి నిన్ను అడిగినట్టు చెప్పమంది.

తౌనో


ఔలు,
అక్టోబర్ 25

అన్నయ్యా,

పన్ను పీకించుకోవడం గురించి మన నాన్న 'చూద్దాం' అని పదేళ్ళు అన్నాడు. చివరికి అది దానంతటదే రొట్టెలో ఊడిపడింది. నీది ఆయన పోలికే.

నిన్న నా దగ్గరికి ఒక పెద్దాయన వచ్చాడు, నీ వయసే. భార్యని ముందు కూర్చోబెట్టి, సూది దిగుతున్నంత సేపూ ఆవిడ చేయి పట్టుకుని నిలబడ్డాడు. నాకు నువ్వు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. ఆ సూది పని మొదలుపెట్టడానికి రెండు వారాలు పడుతుంది. ఫిన్లాండ్ మొత్తం దగ్గడం మొదలుపెట్టాక పరిగెత్తి లాభం లేదు. మిగిలినవి మూడు గురువారాలు. వలని ఒక్క పూట రేయోకి అప్పగిస్తే సరస్సు ఎండిపోదు.

ఇర్యా


హియెతలా,
నవంబర్ 14

ఇర్యాకు,

అయిపోయింది. పోయిన గురువారం వెళ్ళాం. నొప్పేమీ లేదు.

సరస్సు అంచులు గడ్డకట్టాయి. రేయో కుక్క ఆరు పిల్లల్ని పెట్టింది, ఒకటి మాకిస్తానంటున్నాడు. నువ్వు అడిగిన ఊలు సైమి రంగు వేసింది, ఎరుపు సరిగ్గా పట్టలేదట. ఇక్కడ ఇంకేం విశేషాలు లేవు.

తౌనో


ఔలు,
నవంబర్ 20

బంగారం లాంటి అన్నయ్యకు,

ఈ రెండు ముక్కల ఉత్తరాన్ని వంటింటి గోడకి అంటించాను. వదినకు టీకా పడిందని చదివి అరగంట సేపు ఎవరి మీదా కోపం రాలేదు. మా కేంద్రంలో వాళ్ళు నాకు ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు.

ఈ ఏడాది నా చేత్తో నాలుగు వందల పన్నెండు మందికి పొడిచాను. జబ్బ పీకుతోంది. జనవరిలో ఎపిఫనీ పండక్కి వస్తున్నాను, రెండు రాత్రులు ఉంటాను. వదినని ఏమీ వండొద్దను. వింటుందా?

ఇర్యా


ఔలు,
జనవరి 10

అన్నయ్యా,

ఆదివారం క్షేమంగా చేరాను. దారంతా మంచు, మూడు గంటలు స్టీరింగ్ పట్టుకునే సరికి వయసు గుర్తొచ్చింది. వచ్చి పడుకుని రెండు రోజులు లేవలేదు. ప్రయాణం బడలిక, ఇంకేం లేదు.

రెండు సాయంత్రాలూ వదిన నా పక్కనే కూర్చుని ఊలు చుట్టింది, నేను చేతులు చాచి పట్టుకున్నాను. ఆవిడ మాట్లాడదు గానీ పక్కన కూర్చుంటే హాయిగా ఉంటుంది. నువ్వు మాత్రం టీకా మాట ఎత్తినప్పుడల్లా కట్టెలు తేవాలని లేచి వెళ్ళావు. ఇంట్లో ఏప్రిల్ దాకా సరిపడా కట్టెలున్నాయి.

ఇర్యా


హియెతలా,
జనవరి 12

ఇర్యాకు,

సైమికి చిన్న ఫ్లున్సా. భయపడకు, ఊరికే రాస్తున్నాను.

బుధవారం మధ్యాహ్నం పిండి పిసుకుతూ పిసుకుతూ "చేతులు లేవడం లేదు" అని కూర్చుండిపోయింది. అప్పటినుంచి పడుకునే ఉంది. ఒళ్ళు కాలుతోంది. నిన్న పెటాయా ఆరోగ్య కేంద్రానికి నేనే ఫోన్ చేశాను. అవతల అమ్మాయి ఏదో అడుగుతోంది, నా మిషన్ కుయ్యిమంటోంది. "ఫ్లున్సా" అన్నాను. ఇంకేదో అడిగింది. "ఫ్లున్సా, ఫ్లున్సా, మా ఆవిడకి" అన్నాను. ఇంట్లోనే ఉండి విశ్రాంతి తీసుకోమంది. ఆ తర్వాత కూడా ఏదో చెప్పింది గానీ పట్టుకోలేకపోయాను.

సాయంత్రం సౌనా ఆవిరి గది వేడి చేసి తీసుకెళ్ళాను, చెమట పడితే తగ్గుతుందని. మెట్టు ఎక్కలేకపోయింది. మోసుకుని తెచ్చి పడుకోబెట్టాను. చాలా తేలికైపోయింది మనిషి.

తౌనో


ఔలు,
జనవరి 15

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున చూశాను. మొదటి పేరా చదివేసరికే ఫోన్ దగ్గర ఉన్నాను. మీ ఇల్లు కనిపెట్టుకుని ఉన్న రేయో ఎత్తాడు. నిన్న పొద్దున వదిన పెదాలు నీలంగా ఉన్నాయని అంబులెన్స్ పిలిచింది తనేనట. నువ్వు ఆవిడతోపాటు ఆసుపత్రికి వెళ్ళావట. ఈ ఉత్తరం అక్కడి వార్డుకే పంపుతున్నాను.

పిండి పిసుకుతూ కూలబడిన మనిషికి ఫ్లున్సానా? చేతులు లేవకపోవడం ఫ్లున్సానా? నువ్వు ఫోన్లో ఏం చెబితే ఆ అమ్మాయి దానికే జవాబు చెబుతుంది. నువ్వు జలుబు అన్నావు, ఇంట్లో ఉండమంది. ఊపిరి ఆడకపోతే వెంటనే రమ్మని కూడా చెప్పే ఉంటుంది. రోజూ నేను చెప్పేది అదే. ఇన్ఫ్లుఎన్సా మందు బిళ్ళలు మొదటి రెండు రోజుల్లో వేస్తే బాగా పనిచేస్తాయి. నీ ఫ్లున్సా ఆ రెండు రోజుల్నీ మింగేసింది. జ్వరంతో ఉన్న ఆస్తమా మనిషిని సౌనాకి తీసుకెళ్ళావు. నిన్ను ఏమనాలో నాకు తెలియడం లేదు.

వార్డు డాక్టరుతో మాట్లాడాను. "ఆవిడకి నవంబర్లో టీకా పడింది, ఇది వేరే ఏదైనా అయి ఉంటుంది, చూడండి" అన్నాను. అతను "అలాగే చూస్తాం గానీ ముందు ముక్కులోంచి నమూనా తీస్తాం" అన్నాడు. నా మాట పట్టించుకోనందుకు అతనికి దణ్ణం పెట్టాలి. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేస్తే చెప్పారు, ఇన్ఫ్లుఎన్సాయేనట. న్యుమోనియా కూడా పట్టింది.

టీకా పడ్డాక కూడా ఇంత తీవ్రంగా ఎలా వచ్చిందో అర్థం కావడం లేదు. కొందరికి వస్తుంది, తెలుసు. కానీ మన వదినకేనా?

ఇర్యా


ఆసుపత్రి, నాలుగో అంతస్తు,
జనవరి 18

ఇర్యాకు,

డాక్టరు నన్ను అడిగాడు, టీకా ఏ తేదీన వేశారని. అతనికి నిజం చెప్పాను. నీకూ చెప్పాలి.

వేయించుకోలేదు. మేము వెళ్ళిన మాట నిజం. నవంబర్ మొదటి గురువారం పెటాయా దాకా వెళ్ళాం. వరుస గేటు దాటి రోడ్డు మీదకి వచ్చింది. ఆ రాత్రికి సరస్సు గడ్డకడుతుందని రేడియోలో చెప్పాడు, వలలు నీళ్ళలోనే ఉన్నాయి. సైమి కోటు కింద పొట్టి చేతుల జాకెట్టు వేసుకుంది, సులువుగా ఉంటుందని. కారులోనే కోటు ఒక చెయ్యి తీసేసి కూర్చుంది. "వచ్చే వారం వద్దాంలే" అన్నాను. కోటు చెయ్యి మళ్ళీ తొడుక్కుంది. బండి తిప్పాను.

మరుసటి వారానికి సరస్సు ఇంకా గడ్డకట్టలేదు, గాలి లేదు, రేయో పడవ దగ్గర ఎదురుచూస్తున్నాడు. ఆ తర్వాత గురువారాలు అయిపోయాయి. నీ నోటికి భయపడి అలా రాశాను.

మొహానికి మాస్కు బిగించారు. అది గట్టిగా గాలి కొడుతుంటే కళ్ళు మూసుకుంటోంది. మందు బిళ్ళలు ఇస్తున్నారు, ఆలస్యమైనా ఇస్తామన్నారు. డాక్టరు నన్ను బయటికి పిలిచి నెమ్మదిగా ఏదో చెప్పాడు. గట్టిగా చెప్పమన్నాను. గట్టిగా చెప్పాడు. అది ఇక్కడ రాయను.

తౌనో


ఔలు,
జనవరి 21

తౌనో,

ఇవాళ అన్నయ్యా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ అబద్ధాన్ని నేను రెండు నెలలు గోడ మీద పెట్టుకుని చూశాను. నీ అబద్ధాన్నే డాక్టరుకి అప్పజెప్పాను. కోటు చెయ్యి తీసి కూర్చున్న మనిషిని వెనక్కి తీసుకెళ్ళావు, నాలుగు బుట్టల చేపల కోసం. ఆవిడకి కారు రాదు, అరవదు, దెబ్బలాడదు, అందుకే నువ్వు బండి తిప్పగలిగావు. పక్కన కూర్చున్నది నేనైతే తిప్పగలిగేవాడివా?

ఆవిడకి ఏమన్నా అయితే అది జబ్బు కాదు, నువ్వే. నేను ఇంతకంటే మెత్తగా రాయలేను. రాయను కూడా.

ఇర్యా


ఆసుపత్రి, నాలుగో అంతస్తు,
ఫిబ్రవరి 2

ఇర్యాకు,

నిన్నటితో మాస్కు తీసేశారు. ముక్కులోకి సన్నటి గొట్టం మాత్రం ఉంది. రెండు చెంచాల గంజి తాగింది. బతుకుతుంది అన్నారు. ఊపిరితిత్తులు మాత్రం మునుపటిలా ఉండవట.

నువ్వు రాసినవన్నీ నిజమే. ఆ ఉత్తరం పది రోజులుగా జేబులో ఉంది. నిన్న సైమి చూసి "ఏంటది?" అంది. చదివి వినిపించాను. నా గొంతు నాకు వినపడదు కదా, వార్డంతా విన్నదట. పక్క మంచం ఆవిడ తల తిప్పేసుకుంది, నర్సు మందుల బండి ఆపేసింది.

సైమి చివరిదాకా విని ఒక్కటే అడిగింది. "ఇర్యా తను వేయించుకుందా?"

"అదేం ప్రశ్న? వేసేదే తను కదా" అన్నాను.

గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు అర్థం కాలేదు. నువ్వే చెప్పు.

తౌనో


ఔలు,
ఫిబ్రవరి 6

అన్నయ్యా,

లేదు. వేయించుకోలేదు.

నాలుగు వందల పన్నెండు మందికి వేశాను. నాకంటూ ఒకటి ఫ్రిజ్‌లో పక్కన పెట్టుకున్నాను. ఇవాళ వరుస పెద్దది, రేపు. రేపు మీటింగు, ఎల్లుండి. వారానికి ఒకరు "మీరు వేయించుకున్నారా సిస్టర్?" అని అడిగేవారు, "ఆ" అనేదాన్ని. ముప్ఫై ఏళ్ళుగా జబ్బు మనుషుల మధ్య ఉన్నాను, నాకు ఎప్పుడూ ఏమీ రాలేదు, అదే నా ధీమా. డిసెంబర్లో మిగిలిన మందు వెనక్కి పంపేటప్పుడు నాది కూడా ఆ పెట్టెలోనే వెళ్ళిపోయింది. నేనే ప్యాక్ చేశాను.

మీ ఇంటికి బయల్దేరిన రోజే గొంతు గరగరలాడుతోంది. రెండో రోజు వెన్ను నొప్పి పుట్టింది. తిరిగి వచ్చాక బడలిక అని నీకు రాశానే, అది ముప్ఫై ఎనిమిదిన్నర డిగ్రీల జ్వరం. ఫ్లున్సాయేలే అనుకున్నాను. ఊరందరి నోళ్ళు దిద్దేదాన్ని, నాకు నేను ఆ మాటే చెప్పుకున్నాను. నమూనా తీయించుకోలేదు. తీయిస్తే పేరు బయటపడుతుంది, టీకా గురించి అడుగుతారు. నేను వచ్చేసిన మూడో రోజు వదిన పిండి దగ్గర కూలబడిందని నువ్వు రాసినప్పుడు రోజులు లెక్కపెట్టాను, అన్నయ్యా. సరిపోయాయి. అది తెలిసే నీకు జనవరి 21 ఉత్తరం రాశాను. నిన్ను ఎంత గట్టిగా తిడితే నాది అంత చిన్నదవుతుందని అనుకున్నానేమో.

నన్ను క్షమించు. ఏం రాస్తావో రాయి, చదువుతాను.

ఇర్యా


పెటాయా,
ఆరోగ్య కేంద్రం వెనక వరుస ఇళ్ళు, మూడో నంబరు,
అక్టోబర్ 19

ఇర్యాకు,

ఈ చేతిరాత నీకు కొత్త. నలభై నాలుగేళ్ళలో నేను నీకు రాయడం ఇదే మొదలు. మీ అన్నా నువ్వూ రాసుకునేవారు, అడుగున 'సైమి అడిగినట్టు చెప్పమంది' అని ఉండేది. నేనెప్పుడూ చెప్పమనలేదు. ఆయనే రాసేవాడు.

ఫిబ్రవరి నుంచి నీ ఉత్తరాలు ఏడు వచ్చాయి. ఆయన జవాబు రాయబోతే నేనే వద్దన్నాను. అన్నిట్లోనూ క్షమించమని అడిగావు, ఆయన్ని. ఆయన కూడా మార్చిలో నీ మొదటి ఉత్తరం పట్టుకుని నా మంచం పక్కన ఏడుస్తూ "ఇర్యాని క్షమించాలా వద్దా?" అని అడిగాడు. మంచం మీద ఉన్నది ఎవరు? ఊపిరి ఎవరిది?

ఎపిఫనీ నాడు నువ్వు స్నానాల గదిలో తలుపు వేసుకుని దగ్గావు. నాకు చెవుడు లేదు. బయటికి వచ్చాక "ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగితే "ఫ్లున్సాయే వదినా, భయం లేదు" అన్నావు. నర్సు చెప్పింది కదా అని ఊలు పట్టుకుని నీ పక్కన కూర్చున్నాను.

నన్ను కూడా వదిలిపెట్టను. ఆ గురువారం కారులో ఆయన ఇంజన్ ఆపలేదు, నేను తలుపు తీయలేదు. దిగి నిలబడి ఉంటే ఆయన ఏం చేసేవాడు? వల కోసం వెళ్ళేవాడు, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళేవాడు. అంతే కదా. ఆ ఒక్క తలుపు తీయలేనంత మెత్తగా నలభై నాలుగేళ్ళు ఎందుకు బతికానా అని ఆసుపత్రిలో ముప్ఫై ఎనిమిది రోజులు ఆలోచించాను. నన్ను చూడ్డానికి వచ్చిన వాళ్ళందరూ "ఎంత ఓపికమ్మా నీకు" అన్నారు. వినీ వినీ విసుగొచ్చింది.

ఆగస్టులో ఈ ఇల్లు తీసుకున్నాను. ఒక గది, ఒక వంటిల్లు. మీ అన్న హియెతలాలోనే ఉన్నాడు, ఆదివారాలు వస్తాడు. మొదట్లో "ఎప్పుడొస్తావు?" అని ప్రతి వారం అడిగేవాడు. ఇప్పుడు చేపలు శుభ్రం చేసి తెస్తున్నాడు. పిండి పిసకలేను, బన్నులు దుకాణంలో కొంటున్నాను, బాగోవు. ఇక్కడి నుంచి ఆరోగ్య కేంద్రం తలుపు నూట ఎనభై అడుగులు. దారిలో రెండు చోట్ల ఆగాలి.

నిన్న గురువారం. తెరవకముందే వెళ్ళి నిలబడ్డాను. వెనక్కి చూస్తే మీ అన్న ఉన్నాడు, చెప్పకుండా వచ్చాడు.

"వలలేవి?" అన్నాను.

"నీళ్ళలోనే ఉన్నాయి."

"గడ్డకడితే?"

"కట్టనీ" అన్నాడు. వరుసలో ఇరవై మంది వినేలా అన్నాడు, ఆయనకి మెల్లగా మాట్లాడడం రాదు కదా. ముందు నేను వేయించుకున్నాను. ఆయన వంతు వచ్చేసరికి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, డెబ్భై నాలుగేళ్ళ మనిషి. నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది, కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు.

నువ్వు రావాలనుకుంటే రా. టీకా వేయించుకుని రెండు వారాలు ఆగి రా. కార్డు తీసుకురా, మాట మీద నమ్మే ఓపిక నాకు లేదు. దగ్గు ఉంటే మాత్రం, దానికి ఏ పేరు పెట్టుకున్నా సరే, గుమ్మం తొక్కకు.

జనవరిలో ఆ డాక్టరు నేను బతకనని చెప్పాడట. నాకీ సంగతి మీ అన్న మొన్న ఆదివారమే చెప్పాడు. నేను పోయి ఉంటే శవపేటిక దగ్గర మీ ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చి, ఒకరినొకరు క్షమించేసుకునేవారు. అక్కడితో అయిపోయేది. నేను పోలేదు. క్షమించాల్సింది నేను, ఇంకా క్షమించలేదు. వచ్చి నన్ను అడగండి.

సైమి